అచ్చు బోటూ, కట్టు తెప్పా

మీ ఇంట్లో ఇంజనీరింగ్ చదివే పిల్లలున్నారా? లేకపోతే పక్కింట్లో ఉంటారు, అనుమానం లేదు. ఎప్పుడో ఒకరోజు వాళ్లు మీ ముందుకొచ్చి, ‘ఫ్లట్టర్ నేర్చుకోమంటారా, కాట్లిన్ నేర్చుకోమంటారా’ అని అడుగుతారు. మీరేమో అవి కొత్తగా వచ్చిన బిస్కెట్లు కాబోలనుకుని, ‘ఏదో ఒకటిలే, ముందు అన్నం తిను’ అనేస్తారు. ఈసారి అట్లా తప్పించుకోనక్కర్లేకుండా నాలుగు కబుర్లు చెప్పుకుందాం, రండి. మధ్యలో సముద్రం కూడా వస్తుంది. లెక్కలు రావని భయపడకండి, చేపల సంగతి వస్తుంది.

ఈ లోకంలో స్మార్ట్‌ఫోన్లు ముఖ్యంగా రెండే జాతులు. గూగుల్ వారి ఆండ్రాయిడ్ ఒకటి, యాపిల్ వారి ఐఫోన్ ఒకటి. 2007లో ఐఫోన్ వచ్చింది. మరుసటేడు యాపిల్ వారు యాప్‌ల అంగడి తెరిచారు, ఆ ఏడే మొదటి ఆండ్రాయిడ్ ఫోనూ దిగింది. అప్పట్నుంచీ ఒకరి భాష ఇంకొకరికి పొసగదు. ఐఫోన్‌కు రాయాలంటే మొదట్లో ఆబ్జెక్టివ్-సి, 2014 నుంచి స్విఫ్ట్. ఆండ్రాయిడ్‌కైతే మొదట్లో జావా, 2017లో గూగుల్ తలూపాక కాట్లిన్. ఏ ఫోనుకు ఆ ఫోను సొంత భాషలో రాస్తే నేటివ్ అంటారు. ఒక్కసారి రాసి రెండింటిమీదా నడిపించే ఫ్లట్టర్ లాంటి సరంజామా వాడుకుంటే క్రాస్ ప్లాట్‌ఫామ్ అంటారు. డబ్బు పెట్టేవాడికి రెండోదే ముద్దు, ఒక జీతం మిగులుతుంది గదా. చేయితిరిగిన ప్రోగ్రామర్లు చాలామందికి మొదటిదే ముద్దు, ఫోను చెప్పినమాట వింటుంది.

హైదరాబాదు అమీర్‌పేటలో, మైత్రీవనం పక్క సందుల్లో నిలబడి ఈ ప్రశ్న అడిగితే గోడలమీది కోచింగ్ బోర్డులే జవాబు చెబుతాయి. ఆ నెల ఏ కోర్సుకు గిరాకీ ఉంటే అదే గొప్పది. నేను మాత్రం మిమ్మల్ని కృష్ణపట్నం తీసుకెళ్తా. నెల్లూరుకు పాతిక కిలోమీటర్లుంటుంది, ముత్తుకూరు మండలం. బయటి జనానికి ఆ పేరు చెబితే రెండే గుర్తొస్తాయి: 2008లో మొదలై ఇప్పుడు అదానీల చేతిలో ఉన్న ఓడరేవు, 2021 మే నెలలో ఆనందయ్య కరోనా మందుకోసం బారులు తీరిన జనం. ఆ ఓడల పక్కనుంచే తెల్లారుజామున ఫైబర్ బోట్లేసుకుని చేపల వేటకు పోయే పట్టపుపాళేల జాలరులు ఎవరికీ గుర్తురారు. మన ప్రశ్నకు అసలు పరీక్ష పెట్టేది వాళ్లే.

ఒకప్పుడు ఈ తీరాన వేటంటే తెప్ప. కొన్ని దుంగలు తాళ్లతో కట్టి సముద్రంలోకి తోసేవారు. తిరిగొచ్చాక విప్పి, ఒడ్డున ఆరబెట్టేవారు. తెప్పలన్నీ ఒక రకం కాదు. ఒడిశా దిక్కు ఒక తీరు, తమిళ తీరాన ఇంకో తీరు, అక్కడ అల ఎట్లా విరుగుతుందో దాన్నిబట్టి దుంగ పొడవూ ముక్కు వంపూ. తర్వాత ఫైబర్ బోటు వచ్చింది. 2004 డిసెంబరు 26 సునామీ తర్వాత సాయంగా పంచిన బోట్లలో ఇవి చాలా ఉన్నాయి. ఒక్క అచ్చు చేసుకుంటే చాలు, అందులోంచి ఎన్నైనా తీయొచ్చు. నాగపట్నంలో దిగేదీ అదే, ఇక్కడ దిగేదీ అదే. పోయే దూరం పెరిగింది, పట్టే చేప పెరిగింది, మళ్లీ తెప్ప కడతామని అడిగినవాళ్లు అరుదు. అయితే తెప్పలో దుంగ పుచ్చితే దుంగ మార్చుకుంటే సరిపోయేది. ఫైబరు పగిలితే రెజిన్ కొనుక్కోవాలి, అతికే మనిషి దొరకాలి. నేటివ్ అంటే కట్టు తెప్ప, క్రాస్ అంటే అచ్చు బోటు అనుకోండి. ఈ పోలికను ఇక్కడితో వదిలేస్తా, ఇంకా లాగితే తెప్ప విడిపోతుంది.

ఈ నేటివ్, క్రాస్ తగవు మొదట్లో సాంకేతికంగా కన్నా పెత్తనం తగవుగానే నడిచింది. 2010 ఏప్రిల్‌లో అడోబీ కంపెనీ, ఫ్లాష్‌లో రాసినదాన్ని ఐఫోన్ యాప్‌గా మార్చే పనిముట్టును బయటికి తేబోతోంది. సరిగ్గా అప్పుడే యాపిల్ తన ఒప్పంద పత్రంలో 3.3.1 అనే నిబంధన తిరగరాసి, మేం చెప్పిన భాషల్లో మొదట్నుంచీ రాసినవే మా అంగట్లో అమ్మనిస్తాం పొమ్మంది. స్టీవ్ జాబ్స్ ఆ నెలలోనే ఫ్లాష్ మీద తన అభిప్రాయాలంటూ ఒక బహిరంగ లేఖ రాశాడు. ఆయన వాదన ఇది: ఫోనుకూ ప్రోగ్రామరుకూ మధ్య మూడోవాడు దూరితే, ఫోను కంపెనీ కొత్త సదుపాయం ఇచ్చినా ఆ మూడోవాడు అందుకునేదాకా ప్రోగ్రామరుకు అందదు. గోల పెద్దదై, సెప్టెంబరుకల్లా యాపిలే నిబంధన సడలించింది. జాబ్స్ మాటలో వ్యాపారం లేదని నేననను, బోలెడంత ఉంది. కానీ ఆ మూడోవాడి సంగతి మాత్రం నిజం. కాసేపట్లో సముద్రం మీద మళ్లీ ఎదురవుతుంది, చూడండి.

తర్వాత ఫేస్‌బుక్ వంతు. వాళ్లు తమ ఫోను యాప్‌ను చాలావరకు వెబ్ పేజీల మాదిరిగా రాసుకున్నారు, ఒక్కసారి రాస్తే అన్ని ఫోన్లలోనూ వస్తుందని. వేలితో తోస్తే తెర ఈడ్చుకుంటూ కదిలేది. 2012 ఆగస్టులో ఐఫోన్ యాప్‌ను నేటివ్‌గా తిరగరాసి, మరుసటి నెల జుకర్‌బర్గ్ సభలో నిలబడి, వెబ్ పేజీలు రాసే హెచ్‌టీఎంఎల్5 మీద అంతగా ఆశ పెట్టుకోవడమే కంపెనీ చేసిన పెద్ద పొరపాటని ఒప్పుకున్నాడు. ఇక నేటివ్‌దే గెలుపనుకున్నాం గదా? అదే ఫేస్‌బుక్ 2015లో రియాక్ట్ నేటివ్ అనే క్రాస్ ప్లాట్‌ఫామ్ సరంజామా తయారుచేసి లోకానికి ఉచితంగా పంచిపెట్టింది! ఈసారి వెబ్ పేజీ జోలికి పోలేదు. లెక్కంతా జావాస్క్రిప్టులో నడుస్తుంది, తెరమీది బటన్లూ పెట్టెలూ మాత్రం ఫోను సొంతవే.

రియాక్ట్ నేటివ్‌ను నమ్ముకుని 2016లో ఇళ్లు అద్దెకిప్పించే ఎయిర్‌బీఎన్‌బీ దిగింది. 2018లో వదిలేస్తున్నామని చెప్పింది. వాళ్లు చెప్పిన కారణాల్లో నాకు నచ్చినది ఒకటుంది. రెండు ఫోన్లకు రెండుసార్లు రాసే బాధ తప్పుతుందని మొదలుపెడితే, చివరికి ఆండ్రాయిడ్, ఐఫోన్, ఈ మధ్యవర్తి, మూడింటినీ సాకాల్సి వచ్చిందట. రెండు కాస్తా ఒకటవుతుందనుకుంటే మూడయిందన్నమాట. మన ఉమ్మడి కాపురాల సంగతి తెలిసినవాళ్లకు ఇందులో వింతేమీ కనపడదు.

పోనీ, సరంజామా అయినా శాశ్వతమా? వెబ్ పేజీని యాప్ తొడుగులో పెట్టి ఇచ్చే ఫోన్‌గ్యాప్‌ను 2011లో అడోబీ కొనుక్కుంది, 2020లో ఇక ఆపేస్తున్నామంది. సీ-షార్ప్‌లో రాసి రెండు ఫోన్లకూ పంపుకునే జామరిన్‌ను, మన హైదరాబాదు బిడ్డ సత్య నాదెళ్ల సారథ్యంలోని మైక్రోసాఫ్ట్ 2016లో కొనుక్కుంది. ఎంత పెద్ద చెయ్యి పడినా ఏమైంది? 2024 మే 1తో దాని ఆలనాపాలనా ఆగిపోయింది. వారసుడిగా డాట్‌నెట్ మావీ అని ఇంకొకటి వచ్చింది, పాతదాంట్లో రాసుకున్నవాళ్లు మూటాముల్లె సర్దుకుని అందులోకి పోవాలి. ఇప్పుడు ఊరేగుతున్నది గూగుల్ వారి ఫ్లట్టర్, 2018 డిసెంబరులో 1.0గా వచ్చింది. దీని దారి వేరు. డార్ట్ భాషలో రాసినదాన్ని నేరుగా ఫోను చిప్పుకు అర్థమయ్యే కోడ్‌గా మార్చేస్తుంది. బటన్లను ఫోను దగ్గర అరువడగదు, తెరంతా తానే గీసుకుంటుంది. మీరు చేపలమ్మే ఆమె దగ్గర డబ్బులు కొట్టే గూగుల్ పే ఉంది చూశారూ, దాన్ని ఫ్లట్టర్‌లో తిరగరాశారు. కాబట్టి క్రాస్ అంటే చవకబారు సరుకని ఎవరైనా అంటే నమ్మకండి.

ఇదంతా అమెరికా పురాణం. ఇక మన సముద్రానికి వద్దాం.

హైదరాబాదులో ఇన్‌కాయిస్ అని ఒక కేంద్రప్రభుత్వ సంస్థ ఉంది, 1999 నుంచి. సముద్రానికి అంత దూరాన కూర్చుని సముద్రం సంగతులు చెబుతుందేమిటని నవ్వకండి. ఉపగ్రహాలు చూసిన నీటి వేడినీ, నీటిలోని పచ్చదనాన్నీ లెక్కగట్టి చేపలు ఎక్కడ గుమిగూడే వీలుందో చెబుతుంది. ఫలానా రేవు నుంచి ఇన్ని డిగ్రీల దిక్కున, ఇన్ని కిలోమీటర్లలో, ఇంత లోతున అని. మబ్బు పట్టిన రోజు ఉపగ్రహానికి నీళ్లు కనపడవు, ఆ రోజు కబురుండదు. అలలెంత ఎత్తు లేస్తాయో, గాలి ఎటుందో కూడా చెబుతుంది. 2007 నుంచి సునామీ హెచ్చరికలూ అక్కణ్నుంచే.

ఈ కబుర్లను ఫోనుదాకా చేర్చడానికి ఎం.ఎస్. స్వామినాథన్ రీసెర్చ్ ఫౌండేషన్ వాళ్లు ఫిషర్ ఫ్రెండ్ అనే యాప్ చేశారు. ఆండ్రాయిడ్ రాజ్యం రాకమునుపే, క్వాల్‌కామ్ వారితోనూ టాటా టెలీసర్వీసెస్ వారితోనూ కలిసి. అప్పట్లో అది నడిచింది బ్రూ అనే క్వాల్‌కామ్ వేదిక మీద, టాటా వారి సీడీఎంఏ ఫోన్లలో. అంటే ఆ ఫోనుకు అచ్చంగా నేటివ్. సీడీఎంఏ ఈ దేశంలో మూతపడిపోయింది, ఆ ఫోన్లు ఇప్పుడు అటకమీద కూడా కనపడవు. ఆ యాప్‌ను ఆండ్రాయిడ్‌కు తిరగరాసుకున్నారు గనక బతికింది, తెలుగులోనూ మాట్లాడుతోంది. నేటివ్ వాళ్లు ఈ ముక్క వినాలి. సరంజామాలు చచ్చిపోతాయని ఇందాకటిదాకా చెప్పుకున్నాం, ఫోను జాతులూ చచ్చిపోతాయి. 2017లో కైఓఎస్ అనే వేరే వ్యవస్థతో జియోఫోన్ వచ్చినప్పుడు మూడో జాతి పుట్టిందనుకున్నాం. మరుసటేడు వాట్సాప్ కూడా దానికోసం ప్రత్యేకంగా యాప్ తయారుచేసింది. ఇప్పుడు దాని మాటెత్తేవాళ్లు ఎంతమంది?

అసలు మెలిక ఇప్పుడొస్తుంది. ఒడ్డు విడిచి పది పన్నెండు కిలోమీటర్లు దాటితే ఫోనుకు సిగ్నల్ ఉండదు. 2017లో ఓఖీ తుఫాను వచ్చినప్పుడు, అప్పటికే లోపలికి పోయిన బోట్లకు కబురందక కేరళ, తమిళనాడుల్లో ఎందరో మత్స్యకారులు తిరిగిరాలేదు. ఆ దెబ్బతో వచ్చినదే జెమిని పెట్టె, 2019 అక్టోబరులో విడుదల చేశారు. విమానాలకు దారిచూపే గగన్ వ్యవస్థ ఉపగ్రహాల నుంచి ఈ పెట్టె హెచ్చరికలు అందుకుని, బ్లూటూత్ మీద జేబులోని ఫోనుకు చేరవేస్తుంది. ఫోన్లో దానికి తగిన యాప్ ఉండాలి.

ఈ బ్లూటూత్ దగ్గరే జాబ్స్ చెప్పిన మూడోవాడు ప్రత్యక్షమవుతాడు. 2021లో ఆండ్రాయిడ్ 12 వచ్చినప్పుడు బ్లూటూత్ అనుమతుల పద్ధతి మారింది. అంతకుముందు బ్లూటూత్ పెట్టెను వెతకాలంటే లొకేషన్ అనుమతి అడిగేవాళ్లం, తర్వాత వెతకడానికి ఒకటి, కలుపుకోడానికి ఒకటి వేరే అనుమతులు పెట్టారు. నేటివ్‌గా రాసినవాడు గూగుల్ కాగితం చదువుకుని దిద్దుకుంటాడు. క్రాస్‌లో రాసినవాడి బ్లూటూత్ పని చేసేది ఒక ప్లగిన్, దాన్ని రాసింది లోకంలో ఎక్కడో ఉన్న మరొకడు, చాలాసార్లు జీతం భత్యం లేకుండా తీరిక ఉన్నప్పుడు చూసేవాడు. అతను సరిచేసేదాకా ఆగాలి, లేదా తానే ఆ ముక్క కాట్లిన్‌లో రాసుకోవాలి. భోజనం బుక్ చేసే యాపైతే రెండు వారాలు ఆగినా కొంపలు మునగవు. ఇక్కడ మునిగేది బోటు.

బ్యాటరీ గొడవ ఇంకొకటి. తెర ఆపినా వెనకాల జీపీఎస్ చూస్తూ ఉండాలంటే, 2017 నాటి ఆండ్రాయిడ్ 8 నుంచీ కట్టుబాట్లు బిగిశాయి. పైగా మనవాళ్లు కొనే చవక చైనా ఫోన్లు బ్యాటరీ మిగల్చడానికని వెనక నడిచే యాప్‌లను అడగకుండానే పీక నొక్కేస్తాయి. ఇందులో క్రాసూ నేటివూ ఇద్దరూ బాధితులే. కాకపోతే నేటివ్ వాడికి ఎక్కడ నొక్కుతున్నారో వెతుక్కోడానికి ఒక పొర తక్కువ.

అక్షరాల సంగతి చెప్పకపోతే తెలుగువాణ్ని అనిపించుకోను. 2012లో ఆండ్రాయిడ్ 4.1 వచ్చేదాకా ఆ ఫోన్లు తెలుగును లెక్కలోకే తీసుకోలేదు, మన అక్షరం ఉండాల్సిన చోట డబ్బాలు. ఆ రోజుల్లో తెలుగు చూపించాలంటే అక్షరాలను బొమ్మలుగా పెట్టుకోవడమో, సొంత ఫాంటూ సొంత కూర్పూ మోసుకెళ్లడమో. ఇక 2018 ఫిబ్రవరిలో, మన జ్ఞా అక్షరం ఒకానొక కూర్పులో కనపడితే చాలు, ఐఫోన్లో యాప్‌లు కుప్పకూలాయి. లోకమంతా ఒక్క తెలుగు అక్షరాన్ని చూసి హడలిపోయింది! అక్షరాలు పేర్చే పని యాపిల్ సొంత కోడ్‌దే, తప్పూ అందులోదే, దానిమీద ఆధారపడిన యాపల్లా పడిపోయింది. కొద్ది రోజుల తర్వాత 11.2.6 అనే సవరణ పంపారు. ఫోను సొంతదయినంత మాత్రాన మన భాషకు సొంతం కాదు సుమండీ. ఫ్లట్టర్ లాంటివి అక్షరాలను తామే పేర్చుకుంటాయి గనక అట్లాంటి గోతిలో పడవు, వాటి గోతులు వాటికుంటాయి. తెలుగు యాప్ చేసే పిల్లలు ఒత్తులూ గుడులూ చవక ఫోన్లో ఎట్లా పడుతున్నాయో మొదటిరోజే చూసుకోవాలి. లోతును మీటర్లలో ఒక్కటే చూపించి ఊరుకోకుండా బారల్లో కూడా చూపించాలి, వేటగాడి నోట్లో ఉండేది బారే. ఇది ఫ్లట్టరూ చెప్పదు, కాట్లినూ చెప్పదు.

ఇంతకీ ఏది నేర్చుకోమంటారు అంటారా? చెప్తా. మన దేశంలో నూటికి తొంభై అయిదు ఫోన్లు ఆండ్రాయిడ్‌వే, వేట బోటులో ఐఫోన్ కోసం వెతకడం పనికిరాని పని. ఒకసారి రాస్తే రెండు ఫోన్లకు వస్తుందనే గొప్పతనం, రెండో ఫోనే లేనిచోట దేనికి? లేని ఫోనుకోసం మధ్యవర్తిని పెట్టుకుని, ఉన్న ఫోనులో బ్లూటూత్‌కూ జీపీఎస్‌కూ దూరమవడం నాకైతే తిక్కపనిగా కనిపిస్తుంది. బోటులో వాడే యాపైతే కాట్లిన్, రెండో మాట లేదు. దిక్కు చూపాలి, హెచ్చరిక మోగాలి, సిగ్నల్ లేకుండా నడవాలి, తడిచేత్తో నొక్కినా పలకాలి.

అదే పిల్లాడు ఒడ్డుకు ఇవతల, వనామీ రొయ్యల గుంటల రైతుకు యాప్ చేస్తానంటే నా జవాబు మారిపోతుంది. అక్కడ కావాల్సింది లెక్కల పుస్తకం. ఈ పూట మేత ఎంత వేశాం, చెక్‌ట్రేలో ఎంత మిగిలింది, ఏరియేటర్లు ఎన్ని గంటలు తిరిగాయి, ఈ వారం కౌంటు ఎంత. రైతు దగ్గర ఆండ్రాయిడే ఉంటుంది, కానీ కొనే కంపెనీ ఆఫీసులో మేనేజరు ఐఫోన్ పట్టుకు కూర్చుంటాడు, ఇద్దరికీ అవే అంకెలు కనపడాలి. రాసే మనిషి ఒక్కడే. ఇట్లాంటిచోట ఫ్లట్టర్ కాదని రెండుసార్లు రాసేవాణ్ని నేను మెచ్చుకోను. యాపు సైజు నాలుగైదు ఎంబీలు పెరుగుతుంది, పెరగనీండి. ఇంకా చదువుకునే ఓపికుంటే కాట్లిన్ మల్టీప్లాట్‌ఫామ్ అని ఒకటుంది, 2023 నవంబరులో స్థిరపడింది. లోపలి లెక్కలు ఒక్కసారి రాసి, పైన తెరమాత్రం ఏ ఫోనుకు ఆ ఫోనువి పెట్టుకోవచ్చు. కాట్లిన్ నేర్చినవాడికి అది పక్కవీధే.

మీ పిల్లాడు నిజంగానే బోటు యాపు మొదలుపెడితే ఒక చిట్కా. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. మర బోట్లన్నీ ఒడ్డునే, మనుషులు వలలు బాగుచేసుకుంటూ నీడపట్టున కూర్చుని ఉంటారు. కొత్త యాపు చేతిలో పెట్టి నొక్కించి చూడాలన్నా, ఎక్కడ తికమక పడుతున్నారో రాసుకోవాలన్నా ఆ రెండు నెలలే అదను. ముత్తుకూరులోనే 1991 నుంచి మత్స్య కళాశాల ఉంది, చేపల సంగతి తెలిసినవాళ్లను అక్కడ పట్టుకోవచ్చు. టీ తాగించండి, తిట్లు తినండి, దిద్దుకోండి. పని మాత్రం జూన్ 14 లోపల ముగించుకోమనండి. ఆ మర్నాడు తెల్లవారుజామున అప్‌డేట్ పట్టుకుని ఒడ్డుకు పోతే, ‘యోవ్, అడ్డం లే’ అని తోసుకుంటూ పోతారు.